కొళాయి మూతికి కట్టిన గేమ్ క్యాసెట్

ఇమాముద్దీన్‌కు అబద్ధమాడే వస్తువంటే ఒళ్ళు మంట. మనుషులు అబద్ధాలాడతారు, సరే, వాళ్ళకు నోరుంది, కడుపుంది, నూటొక్క అవసరాలుంటాయి. వస్తువుకేం పోయేకాలం? తిరుగుతూనే టైము తప్పు చూపించే గడియారాన్ని గానీ, నిండినట్టు కనపడి నాలుగు రోజులకే చచ్చిపోయే బ్యాటరీని గానీ చూస్తే ఆయన పళ్ళు పటపటా కొరికేవాడు. అట్లాంటి మనిషి బతుకుదెరువుకు ఏం ఎంచుకున్నాడయ్యా అంటే, పొద్దున లేస్తే అబద్ధాలాడే వీడియో గేమ్ క్యాసెట్లను.

పుట్టింది కుప్పంలో. నాయన సైకిళ్ళకు పంచర్లు వేసేవాడు. ఎనిమిదో తరగతిలో ఒక అయ్యవారు చేయని తప్పుకు చెయ్యి చాపమన్నాడు. ఇమాముద్దీన్ చాపలేదు, మరుసటి రోజు నుంచి బడికే పోలేదు. రేడియో రిపేరు అంగట్లో చేరి, ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, గిరాకీలతో అరవం మాట్లాడుతూ సోల్డరింగ్ నేర్చుకున్నాడు. ఇరవై ఆరేళ్ళకు పెళ్ళి చేసుకుని, తొంభై నాలుగులో మదనపల్లెకు వచ్చి, బస్టాండు వెనక సందులో నాలుగు పాత టీవీలు పెట్టి వీడియో గేముల అంగడి తెరిచాడు.

ఆ రోజుల్లో వాటిని క్యాసెట్లనే అనేవాళ్ళు. అరచేతంత ప్లాస్టిక్ డబ్బా, పసుపుదో నల్లదో. దాని కింది అంచున వరసగా బంగారు రంగు పళ్ళు. ఆ పళ్ళను టీవీకి తగిలించిన మిషన్‌లో గుచ్చితే ఆట వచ్చేది. డబ్బా మీద అంటించిన రంగుల కాగితంలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని అచ్చేసి ఉండేది. లోపల ఉండేవి ఏడు. ఆ ఏడే పేర్లు మార్చుకుని, రంగులు మార్చుకుని, తిరిగి తిరిగి వచ్చేవి. ఇమాముద్దీన్ కొన్న మొదటి క్యాసెట్‌ను మూడు రోజులు కూర్చుని చివరిదాకా ఆడి, మోసం తెలిసిన రోజు అన్నం తినలేదు. పెన్ను తీసుకుని ఆ తొమ్మిదులన్నీ అడ్డంగా కొట్టేసి, పక్కన 'ఏడు' అని రాసి పెట్టాడు. అంగట్లోని ప్రతి క్యాసెట్‌కూ అదే మర్యాద చేశాడు.

పిల్లలు ఊరుకుంటారా? పక్క సందులో ఇంకొకడు అవే క్యాసెట్లను కాగితం చెరపకుండా పెట్టుకున్నాడు. తొమ్మిది వందల ఆటలున్న అంగడి ఒకటి, ఏడే ఆటలున్న అంగడి ఒకటి. నిమ్మనపల్లె నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు ఎటు పోతారో చెప్పాల్సిన పని లేదు. ఆయన భార్య షంషున్నీసా తల కొట్టుకుంది. నిజం చెప్పి చెడిపోయిన అంగడి ఈ మదనపల్లె మొత్తానికీ మనదొక్కటే అనింది. అయినా ఆయన కొట్టివేత మాత్రం తుడపలేదు.

ఆట రాకపోతే పిల్లలు క్యాసెట్ తీసి నోటి దగ్గర పెట్టుకుని పళ్ళలోకి ఉఫ్ ఉఫ్ అని ఊదేవాళ్ళు. ఆయన గయ్‌మని లేచేవాడు. చేత్తో పెన్సిల్ రబ్బరు తీసుకుని ఒక్కొక్క పంటినీ తుడిచేవాడు. అట్లా ఐదేళ్ళు తుడిచాడు కాబట్టి ఆయనకు ఒక సంగతి తెలిసింది. ఒకసారి ఒక క్యాసెట్ అంగడి ముందర మురుక్కాలువలో పడి వానాకాలమంతా అందులోనే ఉండిపోయింది. తీసి విప్పి చూస్తే లోపలి రాగి తీగలు పచ్చగా చిలుం పట్టిపోయాయి, పళ్ళు మాత్రం నిన్న చేసినట్టు మెరుస్తున్నాయి. ఎంత తడిసినా తుప్పు పట్టవు. అబద్ధాల డబ్బాలో నిజాయితీ గల వస్తువు ఇదొక్కటే అనుకున్నాడు ఇమాముద్దీన్.

తొంభై తొమ్మిది నాటికి ఊళ్ళో ఇంటింటికీ కేబుల్ వచ్చింది, సందుకొక కంప్యూటర్ సెంటర్ వచ్చింది. అంగడి మూతపడింది. పాతసామాన్ల వ్యాపారి వచ్చి, క్యాసెట్లను ఇనుము తూచినట్టు తూచబోయాడు. ఇమాముద్దీన్ తక్కెడను కాలితో తన్నాడు. రెండు గోనెసంచుల క్యాసెట్లను భుజాన వేసుకుని, పెళ్ళాంతో పుంగనూరు బస్సెక్కాడు.

పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో గుండ్లమిట్ట అని ఒక పల్లె. ఊరికి ఎగువన పెద్దవీధి, దిగువన బండల మీద యాభై ఇండ్ల కొత్తకాలనీ. పుంగనూరులో చవగ్గా ఇల్లు దొరక్క, ఆ కాలనీలో రెండు గదులు కట్టుకున్నాడు. రోజూ సైకిలు మీద టౌనుకు పోయి, ఒక బట్టలంగడి అరుగు మీద బల్ల వేసుకుని రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. ఇంటికొచ్చాక గోనెసంచి విప్పేవాడు. క్యాసెట్ పగలగొట్టి, లోపలి పలక నుంచి పళ్ళున్న అంచును మాత్రం రంపంతో కోసుకునేవాడు. ఒకటి విడిచి ఒకటిగా పళ్ళను రెండు తీగలకు కలిపేవాడు. వాటి మీద నీళ్ళు పడితే రెండు తీగలూ కలుస్తాయి, కరెంటు పారుతుంది, గంట మోగుతుంది. డబ్బాలోనే ఒక సెల్లు, ఒక ట్రాన్సిస్టరు సరిపోయేవి. అట్లా చెనక్కాయలు ఆరబోసుకున్నవాళ్ళకు వాన గంట చేసి ఇచ్చాడు. షంషున్నీసా అడిగితే ఉయ్యాల గుడ్డ కింద పెట్టే గంట చేశాడు. పసిబిడ్డ తడిపితే అది కీచుమనేది. బిడ్డ కంటే గంటే ఎక్కువ ఏడుస్తోందని కాలనీ ఆడవాళ్ళు నవ్వుకున్నారు గానీ, బాలింత ఉన్న ప్రతి ఇంట్లోనూ అది తిరిగింది.

ఇంతవరకూ బాగానే ఉంది. మంటంతా నీళ్ళ దగ్గర మొదలయింది.

రెండు వేల రెండు, మూడు. వానల్లేవు. గుండ్లమిట్ట మొత్తానికి ఒకే ఓవర్‌హెడ్ ట్యాంకు. దాని వాల్వులు తిప్పేవాడు నల్లప్ప. దినం విడిచి దినం, పెద్దవీధికి గంటసేపు, కాలనీకి గంటసేపు అని పంచాయతీ లెక్క. కాలనీలో ఉన్న కొళాయి ఒకటే. పది నిమిషాలు వస్తే ఆ రోజు పండగ. ముప్పై బిందెలు వరసలో ఉంటే ఐదో బిందె సగంలో ఉండగానే ధార దారమైపోయి, కొళాయి బుస్సుమని గాలి ఊదేది. ఆడవాళ్ళు పెద్దవీధికి పోయి అడుక్కోవాలి. అక్కడ వాకిళ్ళలో కళ్ళాపి, బర్రెలకు స్నానాలు. ఒళ్ళు మండదా మరి? అడిగితే నల్లప్ప చూపుడువేలు ఎత్తి, గంట ఇడిసినా, మీరు సరిగ్గా పట్టుకోలేదు అనేవాడు. గంట నీళ్ళను యాభై ఇండ్లవాళ్ళు సరిగ్గా పట్టుకోలేదంట.

ఎండాకాలంలో గ్రామసభకు నీళ్ళ ఇంజనీరు ఒకాయన జీపులో వచ్చాడు. కాలనీకి వేరే పైపులైను వేయడానికి ఆయన కాగితం రాస్తే చాలు. రాయాలంటే, కాలనీకి న్యాయంగా రావలసిన నీళ్ళు రావడం లేదని తేలాలి. కాలనీ తరఫున రెడ్డెమ్మ లేచి నిలబడింది. పెద్దమండ్యం వైపు నుంచి వచ్చి టమోటా కోతలకు పోయే మనిషి, యాభై ఐదేళ్ళుంటాయి, ఇమాముద్దీన్ ఇంటికి గోడ పక్క గోడ. పది నిమిషాలకు మించి రావని చెప్పింది. సర్పంచ్ రాజగోపాల్ నవ్వి, ఆమెకు గడియారం చూడటం వచ్చా అని అడిగాడు. సభంతా నవ్వింది. ఇంజనీరు కూడా సగం నవ్వాడు.

ఇమాముద్దీన్ లేచాడు. గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"మనుషుల మాట నమ్మరు గదా సార్. గడియారమే సెప్తే నమ్ముతారా?" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. క్యాసెట్ పళ్ళను కొళాయి మూతికి కడతాడు. వాటి తీగలను గంటకు కాకుండా మామూలు సెల్లు గడియారానికి కలుపుతాడు. నీళ్ళు పడినంత సేపే గడియారం తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. పన్నెండు దగ్గర పెట్టి వదిలితే, ఎంత దూరం పోయిందో అంతసేపు నీళ్ళు వచ్చినట్టు. పెద్దవీధి కొళాయికి ఒకటి, కాలనీ కొళాయికి ఒకటి. గడియారాలను రేకు డబ్బాల్లో పెట్టి తాళం వేసి, తాళంచెవులు ఇంజనీరే తీసుకుపోవచ్చు. ఇంజనీరుకు ముచ్చటేసింది. వచ్చే సోమవారం వచ్చి తాళం వేస్తాననీ, పైవారం బుధవారం వచ్చి తీస్తాననీ, కాలనీకి తక్కువని తేలితే అక్కడే నిలబడి కాగితం రాస్తాననీ అందరి ముందరా మాటిచ్చాడు. పిల్లోళ్ళ ఆటబిళ్ళ నీళ్ళను కొలుస్తాదంట అని నల్లప్ప నాలుగు రోజులు ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

ఆ నాలుగు రోజులూ ఇమాముద్దీన్ టౌనుకు పోలేదు. ఎవరూ వంక పెట్టడానికి వీల్లేకుండా చేయాలని పంతం. కొళాయి మూతి కింద పళ్ళను నాలుక చాపినట్టు వాలుగా కట్టాడు, పడిన ప్రతి చుక్కా పళ్ళ మీదుగానే బిందెలోకి జారాలి. నీళ్ళు ఆగాక తడి నిలవకుండా పళ్ళ సందుల్లో కొవ్వొత్తి రుద్దాడు. చెంబుతో పోసి, ఆపి, ముల్లు ఠక్కున ఆగేదాకా నలభైసార్లు చూసుకున్నాడు. ఆయన అట్లా పోస్తుంటే రెడ్డెమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది.

ఆ పండ్లు ఏం జేస్తాయప్పా అని అడిగింది. పనిలో ఉండాను, పో అన్నాడు. కాసేపటికి ఇంటి ముందరికే వచ్చి, మన కొళాయికి కట్టేది గదా, కొంచెం సెప్పు, ఎట్లా సూసుకోవల్లో తెలుసుకుంటా అని మళ్ళీ అడిగింది.

"నీకు సెప్పినా అర్థం కాదులే అక్కా. దాన్ని కదిలించాకండి, అంతే," అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. రెడ్డెమ్మ వెళ్ళిపోయింది.

సోమవారం ఇంజనీరు వచ్చి రెండు డబ్బాలకూ తాళాలు వేశాడు. వాటి మీద కాగితం అంటించి సంతకం పెట్టాడు. ఇమాముద్దీన్ ఆ రోజు నుంచి కొళాయి దరిదాపులకు పోలేదు. తను తాకాడన్న మాట ఎవరి నోటా రాకూడదు. నీళ్ళకు కూడా షంషున్నీసానే పంపించేవాడు. బుధవారం పన్నెండు నిమిషాలు వచ్చాయని చెప్పింది. శుక్రవారం పది. ఆదివారం చుక్క రాలేదు. మంగళవారమూ రాలేదు. ఇమాముద్దీన్ ఆమె చెప్పిందల్లా వింటూ లోలోపల ఉడికిపోయాడు, ఉడికిపోతూనే సంతోషపడ్డాడు. పో, ఇంకా పో, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు నల్లప్పా అనుకున్నాడు.

బుధవారం పది గంటలకు జీపు వచ్చింది. ముందు పెద్దవీధి డబ్బా తెరిచారు. ముల్లు ఆరు గంటలు దాటి ఉంది. నాలుగు వంతులకు నాలుగు గంటలు ఇవ్వాల్సిన చోట ఆరు. జనం గుసగుసలాడారు, సర్పంచ్ దగ్గాడు. అందరూ దిగువకు నడిచారు. కాలనీ అంతా కొళాయి దగ్గరే ఉంది. ఇంజనీరు తాళం తీసి, మూత ఎత్తి, గడియారాన్ని బయటకు తీశాడు.

ఎనిమిదిన్నర.

ఇంజనీరు గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కాగితం అట్లే ఉంది, సంతకం అట్లే ఉంది. పెద్దవీధికి ఆరు, కాలనీకి ఎనిమిదిన్నర. ముందు నవ్వింది సర్పంచ్. ఆ తర్వాత నల్లప్ప ముందుకు వచ్చాడు. తొమ్మిది రోజులుగా వెనక నక్కి ఉన్నవాడు ఒక్కసారిగా ఛాతీ విరుచుకున్నాడు.

"సూసినారా సార్? పెద్దవీధోళ్ళ కడుపు కొట్టి వీళ్ళకిచ్చినా. మొన్న ఆదివారం మూడు గంటలిడిసినా, నిన్న మూడు గంటలిడిసినా. ఇంగా నామీదనే ఏడుస్తాండారు," అన్నాడు.

మనిషికి సిగ్గనేది ఉంటే కదా. గడియారం చూపించిన గంటలను చేపలు పంచినట్టు రోజులకు పంచి చూపించాడు. ఆదివారం రాలేదు, నిన్న రాలేదు అని ఆడవాళ్ళు అరిచారు. మీ గడియారమే చెప్తోంది గదా, మీరు అడిగిందే గదా అని ఇంజనీరు విసుక్కున్నాడు. మోసపోయినవాడి మొహం పెట్టుకుని జేబులో పెన్ను పెట్టేసుకున్నాడు. పైపులైను కళ్ళ ముందరే పోతోంది.

ఇమాముద్దీన్ ఇంజనీరు చేతిలోంచి గడియారాన్ని లాక్కున్నాడు. నలభైసార్లు చూసిన గడియారం. నిజం చెప్పడానికే చేసిన గడియారం. వంగి కొళాయి మూతి కిందికి చూశాడు. పళ్ళకు ఈ చివర నుంచి ఆ చివర దాకా మందంగా పసుపు. నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఎండి అతుక్కుపోయి ఉంది.

ఆయనకు క్షణంలో అంతా అర్థమయింది. తడి పసుపు, తడి కుంకుమ. అది ఆరేదాకా నీళ్ళు పడుతున్నట్టే లెక్క. పొద్దున పూసింటే సాయంత్రం దాకా ముల్లు తిరుగుతూనే ఉంటుంది.

"ఎవురు పూసింది దీన్ని?" అని అరిచాడు.

రెడ్డెమ్మ బెదరలేదు. "నేనే అప్పా. శుక్రారం నీళ్ళొచ్చినాక పూసినా. మనకు గంగమ్మను తెచ్చేది గదా అని," అనింది.

ఇమాముద్దీన్ ఒళ్ళు తెలియని కోపంతో ఊగిపోయాడు. "బుద్ధి లేనిదానా, ఎవురు పూయమన్నారు నిన్ను? యాభై ఇండ్లోళ్ళ గొంతు కోసినావు గదే నీ పసుపుతో," అన్నాడు. అక్కా అనే పిలుపు పోయింది, మర్యాద పోయింది. వయసులో పెద్దదాన్ని నలుగురిలో ఏకవచనంలో తిట్టి, పళ్ళ మీది పసుపును గోటితో గీకేయబోయాడు.

సర్పంచ్ రాజగోపాల్‌కు అంతకంటే ఏం కావాలి? రెండడుగులు ముందుకు వేసి గొంతు పెంచాడు. చూడండయ్యా, మన ఆడమనిషి పెట్టిన పసుపు కుంకుమను వీడు ఏమంటున్నాడో, ఎట్లా చెరుపుతున్నాడో చూడండి అన్నాడు. పెద్దవీధి నుంచి వచ్చిన నలుగురైదుగురు అప్పటికే మొహాలు మార్చారు. షంషున్నీసా భర్త చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. నీళ్ళ మాట గాలికి పోయి, ఇంకే మాటో కొళాయి దగ్గరికి వచ్చేస్తోంది.

రెడ్డెమ్మ సర్పంచ్ వైపు తిరిగింది.

"రాజగోపాలూ, తిట్టింది నన్ను. అది నాకూ ఆయప్పకూ ఉండే మాట, మేము సూసుకుంటాము. నువ్వు నీళ్ళ మాట మాట్లాడు," అనింది. తర్వాత ఇమాముద్దీన్ మణికట్టు పట్టుకుని ఆపింది. "గీకాకు. చెయ్యి తియ్యి. సార్‌ను సూడనీ."

ఇంజనీరు జీపు వైపు కదిలినవాడు ఆగాడు.

"సార్, మీ ఇంట్లో గడపకు బొట్టు పెడతారా?" అని అడిగింది రెడ్డెమ్మ. పెడతారన్నాడు ఆయన. "దాని మీద చెంబుడు నీళ్ళు పోస్తే ఏమయితాది?"

పోతుంది అన్నాడు ఇంజనీరు, మాట ఎటు పోతోందో తెలియని చిరాకుతో.

"నేను ఇది పూసింది శుక్రారం. ఆయప్ప కట్టినాడే, ఈ కొళాయిలో చుక్క పడినా దీని మీదనే పడల్ల, వేరే దారి లేదు. ఆదివారం మూడు గంటలు, నిన్న మూడు గంటలు నీళ్ళిడిసినా అని నల్లప్ప ఇప్పుడే మీ ముందర సెప్పినాడు. ఆరు గంటల నీళ్ళు పడినంక ఈ బొట్టు ఇట్లా ఉంటాదా? వచ్చి సూడండి. అంచు గూడా చెదరలేదు."

ఇంజనీరు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కొళాయి కిందికి తల పెట్టి చూశాడు. బొట్టు గుండ్రంగా ఉంది. పసుపు మీద వేళ్ళ గీతలు కూడా అట్లే ఉన్నాయి. ఆయన ఒక చెంబులో నీళ్ళు అడిగాడు. కాలనీలో ఏ బిందెలోనూ చెంబుడు నీళ్ళు లేవు, మూడిండ్లు తిరిగి సగం చెంబు తెచ్చారు. ఆయన దాన్ని కొళాయి మూతి దగ్గర నుంచి సన్నగా వంచాడు. ఎర్రటి నీళ్ళు పళ్ళ మీదుగా జారి నేల మీద పడ్డాయి. బొట్టు సగం పోయింది. ఇంజనీరు లేచి నల్లప్ప మొహంలోకి చూశాడు. చూసి, ఆదివారం ఎన్ని గంటలకు విడిచావని అడిగాడు. పొద్దున అన్నాడు నల్లప్ప. మరి నిన్న? నల్లప్ప సర్పంచ్ వైపు చూశాడు. సర్పంచ్ ట్యాంకు వైపు చూశాడు.

రెండు రోజుల నీళ్ళు సర్పంచ్ టమోటా తోటకు పారాయని ఆ పూటే బయటపడింది. అంతవరకూ ఎవరికీ చెప్పని తోట కూలీలు, నల్లప్ప నోరు పడిపోయాక తలా ఒక మాట అన్నారు. ఇంజనీరు జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని కాలనీకి వేరే లైను, వేరే వాల్వు అని రాసి సంతకం చేశాడు. రాస్తున్నంత సేపూ ఎవరి వంకా చూడలేదు. తను సగం నవ్విన నవ్వు ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది.

జీపు పోయింది. కాలనీవాళ్ళు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. ఇమాముద్దీన్ చేతిలో గడియారం ఇంకా ఎనిమిదిన్నర చూపిస్తూనే ఉంది. ఆయన రెడ్డెమ్మ దగ్గరికి నడిచాడు. జీవితంలో ఎవరి దగ్గరా తల వంచని మనిషి, అయ్యవారికి చెయ్యి చాపని మనిషి.

"అందరి ముందర తిట్టినాను. అందరి ముందరే సెప్తాండాను. తప్పయింది అక్కా," అన్నాడు.

తిట్టినప్పుడు రాని కోపం రెడ్డెమ్మకు అప్పుడు వచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు.

"తిట్టినందుకు గాదు. నేను నిన్ను రెండుసార్లు అడిగినా. ఆ పండ్లు ఏం జేస్తాయని ఇంటి ముందరికొచ్చి అడిగినా. నీళ్ళు తప్ప ఇంకే తడీ తగలకూడదని ఒక్క మాట సెప్పింటే నేను పూస్తానా? నాకు అర్థం కాదంటివి. మా సేన్లో బోర్లేసే దినం నేనూ అడ్డం పడినా. ఆడ బండ ఉండాది, ఈ పక్క వేయండి, చిన్నప్పట్నుంచి సూస్తాండానని సెప్పినా. ఈమెకేం అర్థమయితాదని నా మొగుడూ అనె, మిషన్ వాడూ అనె. మూడు బోర్లూ బండలోనే ఎండె. నా మొగుడు ఆ దిగులుతోనే పాయ. నేనీడికొచ్చి పడితి. మల్లా నువ్వూ అదే మాటంటివి."

తొమ్మిది వందల తొంభై తొమ్మిదిని కొట్టేసి ఏడు అని రాసినవాడు, ఒక మనిషిని చూడకుండానే ఆమెకు ఏమీ తెలియదని రాసి పెట్టుకున్నాడు. ఎవరు అంటించిన కాగితమో అది, ఆయన కనీసం విప్పి చూడలేదు.

రెడ్డెమ్మ తన ఖాళీ బిందెను వరసలోంచి తీసుకుని చంకన పెట్టుకుంది. లైను పడేదాకా నాలుగు నెలలు పట్టింది, అన్నాళ్ళూ ఆమె పెద్దవీధికే పోయి నీళ్ళు తెచ్చుకుంది. ఇమాముద్దీన్ వాకిట్లో నుంచి నడుస్తూ కూడా ఆయనను ఒక్క మాట అడగలేదు.